తీర్పరి ఎవరి మనిషి?



సంక్రాంతి సెలవులు వచ్చాయంటే ఉద్దానములో కొబ్బరి తోటల పక్కన, జీడితోటల మధ్య ఖాళీ జాగాలలో కబడ్డీ కోర్టులు గీస్తారు, వాలీబాల్ నెట్లు కడతారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెలే కాక పలాస, టెక్కలి వైపు నుండి కూడా జట్లు వస్తాయి. మన సంఘములలోని యౌవనస్థులు క్రిస్మస్ సెలవులలో ఇటువంటి పోటీలే పెట్టుకొంటారు. ఆట ఉత్సాహముగా మొదలవుతుంది. ఆఖరి నిమిషాలలో రైడరు గీత తాకాడా లేదా అనే దగ్గర కేకలు లేస్తాయి. అప్పుడు మైదానము చుట్టూ ఒకే ప్రశ్న వినబడుతుంది: "ఆ రిఫరీ ఎవరి మనిషి?"

కోపములో వచ్చిన ప్రశ్నే అయినా అది తెలివైన ప్రశ్న. రిఫరీకి నియమాలు తెలుసునా అని ఆ సమయములో ఎవరూ అడగరు. అతడు పోటీ పెట్టినవారి బావమరిదా, బహుమతి డబ్బు ఇచ్చిన పెద్దమనిషి దగ్గర పనిచేసేవాడా, ఒక జట్టు ఊరివాడా అని అడుగుతారు. చదువు లేనివారు కూడా తీర్పును వినేముందు తీర్పరిని చూస్తారు. మన దేశములోని పెద్ద పెద్ద క్రీడా సంస్థల వ్యవహారములు కోర్టుకెక్కినప్పుడెల్లా న్యాయమూర్తుల ముందుకు వచ్చినది కూడా చాలావరకు ఈ ప్రశ్నే.

ఈ నెల ఈ శీర్షికలో దానిని గూర్చి వ్రాయడానికి కారణమున్నది. మన పిల్లలు ఆటలలోకి వెళ్తున్నారు. ఆడపిల్లలు కూడా ఇల్లు విడిచి క్రీడా హాస్టళ్ళలో ఉంటున్నారు. అక్కడ వారికి అన్యాయము జరిగితే ఎవరు వింటారు? వారి మీద నింద పడితే ఎవరు విచారిస్తారు? పిల్లను పంపే ముందు మనము ఆహారము ఎలా ఉన్నది, మంచము ఉన్నదా, చదువు ఉన్నదా అని అడుగుతాము. ఈ రెండు ప్రశ్నలు మాత్రము అడగము.

ఒకే సంవత్సరము, రెండు వార్తలు

2000వ సంవత్సరము సెప్టెంబరు 19న మన జిల్లా అంతా పండుగ చేసుకొన్నది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకొన్న కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచారు. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. మన పల్లెలలో ఆడపిల్లలను ఆటలకు పంపవచ్చునన్న ధైర్యము ఎందరో తలిదండ్రులకు ఆ రోజు కలిగినది.

అదే సంవత్సరము డిసెంబరు 5న మరొక వార్త వచ్చినది. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ అజారుద్దీన్, 99 టెస్టులు ఆడిన మాజీ కెప్టెన్, పందెగాళ్ళతో కలిసి ఫలితాలను ముందే నిర్ణయించాడన్న ఆరోపణపై జీవితాంతము క్రికెట్‌కు దూరముగా ఉండాలని క్రికెట్ బోర్డు నిషేధము విధించినది. సి.బి.ఐ. నివేదిక వచ్చిన తరువాత, ఆ సంస్థలో పూర్వము పనిచేసిన మాధవన్ అనే అధికారిని బోర్డు తానే విచారణకు నియమించుకొన్నది. ఆయన ఇచ్చిన నివేదికను బోర్డు కమిటీయే పరిశీలించి శిక్ష ప్రకటించినది.

అజారుద్దీన్ కోర్టుకు వెళ్ళారు. క్రింది కోర్టులో ఓడిపోయి హైకోర్టుకు వెళ్ళారు. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చట్టము ముందు నిలువదని తీర్పు చెప్పినది. అప్పటికి దాదాపు పన్నెండు సంవత్సరాలు గడిచిపోయినవి. నిషేధము పడిన రోజున ఆయనకు 37 ఏళ్ళు, తీర్పు వచ్చిన రోజున 49 ఏళ్ళు. ఆ వయసులో బ్యాటు పట్టి తిరిగి మైదానములోకి దిగడము ఎవరికీ సాధ్యము కాదు.

ఆయన దోషియా నిర్దోషియా అని చెప్పడానికి మేము ఇది వ్రాయడము లేదు. అది మా పని కాదు. రెండు విధాలా ఆలోచించి చూడండి. ఒకవేళ ఆయన నిర్దోషి అయితే, పన్నెండేళ్ళ నింద ఆయన మీద అన్యాయముగా పడినది. ఒకవేళ దోషి అయితే, సరియైన విచారణ లేనందువలన తప్పు చట్టము ముందు నిలిచే విధముగా రుజువు కాకుండానే మిగిలిపోయినది. విచారణ బలహీనముగా ఉంటే నిర్దోషికీ నష్టమే, దోషి చేతిలో మోసపోయినవారికీ నష్టమే. స్వతంత్ర విచారణ నిందితునికి చేసే ఉపకారమని కొందరు అనుకొంటారు. అది ఫిర్యాదు చేసినవారికి కూడా రక్షణ అని గ్రహించవలెను.

తన వ్యాజ్యెములో తానే తీర్పరి

మన పల్లె పంచాయితీలలో పెద్దలు పాటించే రెండు నియమాలు కోర్టులు కూడా పాటిస్తాయి. మొదటిది, తన వ్యాజ్యెములో తాను తీర్పు చెప్పకూడదు. రెండవది, ఎదుటివాని మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. వీటినే న్యాయవాదులు సహజ న్యాయ సూత్రాలంటారు. రెండవ నియమము అందరికీ సులువుగా అర్థమవుతుంది. మొదటిదే మనలను చాలాసార్లు మోసగిస్తుంది.

దానికి 2013లో జరిగినదే ఉదాహరణ. ఐ.పి.ఎల్. పోటీలలో పందేల ఆరోపణలు వచ్చినప్పుడు క్రికెట్ బోర్డు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులతో ఒక విచారణ కమిటీ వేసినది. ఆ కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్ల యజమానులలో తప్పు లేదన్నది. న్యాయమూర్తులే కదా, ఇంకేమి కావాలి అని ఎవరైనా అనుకొంటారు. కాని ఆ ఏడాది జూలై 30న బొంబాయి హైకోర్టు ఆ కమిటీని ఏర్పరచిన పద్ధతే చట్టవిరుద్ధమన్నది. ఆ రోజులలో బోర్డు అధ్యక్షుని కంపెనీయే చెన్నై జట్టుకు యజమాని. ఆరోపణ పడినది ఆయన అల్లుని మీద. తీర్పరులు ఎంత మంచివారైనా, ఆ ఇంటివారే వారిని ఎన్నుకొంటే ప్రజలకు నమ్మకము ఎలా కలుగుతుంది?

చివరకు 2015 జనవరి 22న సుప్రీంకోర్టు బోర్డు నిర్వాహకులు తామే జట్లను సొంతము చేసుకొనే వీలు కల్పించిన నియమాన్ని కొట్టివేసినది. శిక్షను నిర్ణయించడానికి జస్టిస్ ఆర్.ఎం. లోధా నాయకత్వములో ముగ్గురు విశ్రాంత న్యాయమూర్తుల కమిటీని తానే నియమించినది. వారూ విశ్రాంత న్యాయమూర్తులే, వీరూ విశ్రాంత న్యాయమూర్తులే. భేదమెక్కడ? నియమించిన చేతిలో. లోధా కమిటీ 2015 జూలై 14న ఆ రెండు జట్లను రెండేళ్ళపాటు పక్కన పెట్టినది. 2016 జనవరి 4న ఇచ్చిన మరొక నివేదికలో, బోర్డులో ఫిర్యాదులు వినడానికి స్వతంత్రుడైన అంబుడ్స్‌మన్, నీతి నియమాలు చూడడానికి వేరొక అధికారి ఉండాలని సిఫారసు చేసినది. ఆ ఏడాది జూలై 18న సుప్రీంకోర్టు ఆ నివేదికలోని సిఫారసులను చాలావరకు ఆమోదించినది.

పదవి పేరు మారితే చాలునా?

అంబుడ్స్‌మన్ అనే పదవి వచ్చినంత మాత్రాన సమస్య తీరిందా? తీరలేదని హైదరాబాదు క్రికెట్ సంఘము చరిత్ర చెప్తుంది. 2021లో అక్కడ అధ్యక్షునికి, కొందరు కార్యవర్గ సభ్యులకు తగవు వచ్చినది. తగవు తీర్చవలసిన అంబుడ్స్‌మన్ ఎవరు, ఆయన నియామకము చెల్లుతుందా లేదా అన్నదే మరొక తగవు అయి కోర్టులకు వెళ్ళినది. కొబ్బరికాయలు పంచుకోలేని అన్నదమ్ములు మధ్యవర్తిని ఎన్నుకోవడములో కూడా కొట్లాడుకొన్నట్టు అయినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంఘము వ్యవహారాలను చక్కబెట్టడానికి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించవలసి వచ్చినది. ఒకే కుటుంబము చేతిలో అనేక క్లబ్బులు ఉన్న సంగతిని ఆయన పరిశీలించారు. ఒకే ఇంటివారు అన్ని ఓట్లూ వేసుకొని అధ్యక్షుని ఎన్నుకొంటే, ఆ అధ్యక్షుడు నియమించే తీర్పరి కూడా ఆ ఇంటివాడే అవుతాడు కదా.

మన పిల్లలు ఆడే కబడ్డీ కూడా దీనికి మినహాయింపు కాదు. దేశపు కబడ్డీ సమాఖ్య ఎన్నో ఏళ్ళు ఒకే కుటుంబము పట్టులో ఉన్నదన్న ఫిర్యాదుపై 2018లో ఢిల్లీ హైకోర్టు జోక్యము చేసుకొని దానిని నడపడానికి ఒక అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టవలసి వచ్చినది.

కాబట్టి తీర్పరి స్వతంత్రుడా కాదా అని తెలుసుకోవడానికి మూడు సంగతులు చూడవలెను. ఆయనను నియమించినదెవరు? ఆయన ఖర్చు ఎవరు ఇస్తున్నారు? ఆయన తీర్పు నచ్చకపోతే ఆయనను తీసివేయగలవారెవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు "విచారణకు లోబడినవారే" అయితే ఆ తీర్పరి పేరుకే తీర్పరి.

రెండవ ప్రశ్నకు అమెరికా ఒక జవాబు వెదికినది. అక్కడ జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడొకడు ఎన్నో సంవత్సరాలు బాలికలను చెరచినాడు. ఫిర్యాదులు వచ్చినా క్రీడా సంస్థలు సకాలములో కదలలేదు. 2018లో అతనికి శిక్ష వేసే ముందు కోర్టులో 150 మందికి పైగా ఆడపిల్లలు, స్త్రీలు తమ బాధ చెప్పుకొన్నారు. ఇటువంటి ఫిర్యాదులు వినడానికి సేఫ్‌స్పోర్ట్ అనే వేరొక కేంద్రము 2017లో ప్రారంభమైనది. ఒలింపిక్ కమిటీ ఆ కేంద్రానికి ఏటా 2 కోట్ల డాలర్లు తప్పక ఇవ్వాలని 2020లో చట్టమే చేశారు. ఇష్టమైతే ఇచ్చే డబ్బు కాదు, కోపము వస్తే ఆపే డబ్బు కాదు. అయినా కేసులు ఏళ్ళ తరబడి తేలడము లేదన్న ఫిర్యాదులు ఆ కేంద్రము మీద కూడా వచ్చినవి. స్వతంత్రము ఒక్కటే చాలదని అందువలన తెలుస్తున్నది.

కంచెకు కావలి

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉన్నది. కంచే చేను మేస్తే ఏమి చేయాలి? తీర్పరి ఎవరికీ జవాబు చెప్పనవసరము లేదంటే, ఆయన ఫైళ్ళను బల్ల మీద పెట్టుకొని నిద్రపోవచ్చును. ఎవరికైనా జవాబు చెప్పాలంటే, ఆ ఎవరో ఆయన చేయి పట్టి తీర్పు వ్రాయించవచ్చును. దీనికి మార్గము లేకపోలేదు. పర్యవేక్షించువారు తీర్పు జోలికి పోకూడదు, పద్ధతిని మాత్రమే చూడవలెను. ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, ఎన్ని రోజులలో తేలినవి, ఇరుపక్షాలవారినీ పిలిచి విన్నారా, కారణములు వ్రాశారా, తీర్పరులలో ఎవరికైనా బంధుత్వమున్నదా, అప్పీలుకు దారి చూపారా అని అడగవచ్చును. "ఇతనిని వదిలిపెట్టు, అతనికి శిక్ష వేయి" అని మాత్రము అనకూడదు.

ఉత్ప్రేరక మందుల నిరోధములో మన ప్రభుత్వము ఈ పాఠమే నేర్చుకొన్నది. 2022లో వచ్చిన చట్టము ప్రకారము ప్రభుత్వము నియమించే జాతీయ బోర్డుకు మందుల నిరోధక సంస్థ అయిన నాడా మీద, తీర్పు చెప్పే ప్యానెళ్ళ మీద పర్యవేక్షణ అధికారములు ఇవ్వబడినవి. ఇది తీర్పులలో జోక్యానికి దారి తీయవచ్చునని ప్రపంచ సంస్థ అయిన వాడా అభ్యంతరము చెప్పినది. అందువలన 2025లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించినది.

ఈ మందుల సంగతి మన తలిదండ్రులు ప్రత్యేకముగా తెలుసుకోవలెను. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన దేశపు వెయిట్‌లిఫ్టర్లు ఇద్దరు పరీక్షలో పట్టుబడ్డారు. మల్లీశ్వరి మనకు పతకము తెచ్చిన ఆటలోనే ఆ అవమానము కలిగినది. 2006లో మరికొందరు పట్టుబడినందువలన మన దేశపు వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యనే అంతర్జాతీయ పోటీల నుండి కొంతకాలము వెలివేశారు. మందు వాడనివారు కూడా ఆ శిక్ష అనుభవించారు.

నియమము చాలా కఠినమైనది. ఒంట్లో నిషేధించిన పదార్థము దొరికితే, అది ఎలా వచ్చినా మొదటి బాధ్యత క్రీడాకారునిదే. "మా కోచ్ ఇచ్చాడు", "మందుల షాపులో ఇచ్చారు" అంటే చాలదు. నాలుగేళ్ళ వరకు నిషేధము పడవచ్చును. అయితే పిల్లలకు హక్కులు కూడా ఉన్నవి. మూత్రమును రెండు సీసాలలో తీసుకొని ముద్ర వేస్తారు. మొదటి సీసాలో దోషము కనబడితే రెండవ సీసాను పరీక్షించమని అడగవచ్చును. న్యాయము తెలిసినవారు, వైద్యులు, పూర్వ క్రీడాకారులు ఉన్న ప్యానెలు ముందు తమ మాట చెప్పుకోవచ్చును. ఆ తీర్పు మీద అప్పీలు చేయవచ్చును. అందుచేత పిల్లవాడు వాడిన ప్రతి మందు చీటీని, ప్రతి డబ్బా లేబులును దాచి ఉంచండి. రేపు ఆ చిన్న కాగితమే అతని సాక్షి కావచ్చును.

మన ఉద్దానములో దీనికి మరొక కారణమున్నది. మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళలో దీపములార్పినదో మీకు వేరే చెప్పనక్కర లేదు. నొప్పి మాత్రలు అదే పనిగా వాడితే మూత్రపిండాలకు హాని అని వైద్యులు చెప్తూనే ఉన్నారు. అటువంటి ప్రాంతములో, పేరు తెలియని పొడులు, సూదిమందులు కండ పెరుగుతుందని చెప్పి పిల్లలకు ఇచ్చేవానిని కోచ్ అని పిలువకూడదు.

చెప్పుకోవడానికి ఒక చోటు

ఇక అన్నిటికంటె బరువైన సంగతి. 2023 జనవరి 18న దేశానికి పతకాలు తెచ్చిన కుస్తీ క్రీడాకారులు ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద రోడ్డు మీద కూర్చున్నారు. తమ సమాఖ్యలో ఆడపిల్లలు లైంగిక వేధింపులకు గురి అయ్యారన్నది వారి ఫిర్యాదు. నేరము జరిగినదో లేదో తేల్చవలసినది కోర్టులు. కాని ప్రభుత్వము వేసిన పర్యవేక్షణ కమిటీ ఒక విషయము కనుగొన్నది. ఆ సమాఖ్యలో చట్టము ప్రకారము ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ సక్రమముగా లేదు. అనగా, ఒక అమ్మాయికి కష్టము వస్తే చెప్పుకోవడానికి ఆ ఇంటిలో తలుపే లేదు. ఒలింపిక్ పతకము ఉన్నవారే రోడ్డు ఎక్కవలసి వచ్చినదంటే, కంచిలి నుండో నందిగాం నుండో వెళ్ళిన పద్నాలుగేళ్ళ పిల్ల ఎక్కడకు వెళ్తుంది?

ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. జట్టులో చోటు ఇచ్చేది కోచ్. సర్టిఫికెట్టు మీద సంతకము చేసేది కోచ్. ఆ సర్టిఫికెట్టు మీదనే కాలేజీ సీటు, రైల్వే ఉద్యోగము ఆధారపడి ఉంటాయి. ఫిర్యాదు చేయవలసినది కోచ్ మీదనే అయితే, ఆ ఫిర్యాదును కోచ్ స్నేహితుల చేతిలోనే పెట్టమంటే ఆమె నోరు ఎందుకు తెరుస్తుంది? ఇంటికి వచ్చి "ఇక ఆడను" అని మాత్రము అంటుంది. మనము బద్ధకమని తిడతాము.

చట్టములు లేకపోలేదు. పని స్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టము క్రీడా సంస్థలను, స్టేడియములను, శిక్షణ స్థలములను పేరు పెట్టి పని స్థలములుగా చెప్పినది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక స్త్రీ అధ్యక్షురాలై ఉండాలి. సభ్యులలో సగమైనా స్త్రీలు ఉండాలి. ఒకరు బయటివారై ఉండాలి. ఆ బయటి సభ్యుడే మన ప్రశ్నకు చట్టము ఇచ్చిన జవాబు. ఫిర్యాదు మామూలుగా మూడు నెలలలోపల చేయాలి, విచారణ తొంబది రోజులలో ముగియాలి. కమిటీ లేని చిన్న సంస్థల విషయములో, లేక యజమాని మీదనే ఫిర్యాదు అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చును. పద్దెనిమిది ఏళ్ళ లోపు పిల్లలకు, బాలురకైనా బాలికలకైనా, 2012 నాటి పోక్సో చట్టమున్నది. అటువంటి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు చెప్పక దాచడము కూడా ఆ చట్టము ప్రకారము నేరమే. పిల్లల సహాయానికి 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లకు ఫోను చేయవచ్చును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఈ నియమాలు సర్కారు హాస్టళ్ళకే కాదు, సంఘములు నడిపే బడులకు, హాస్టళ్ళకు, యౌవనస్థుల శిబిరాలకు కూడా వర్తిస్తాయి. "మన సంస్థ పేరు పోతుంది, లోపల మాట్లాడుకొందాము" అని పెద్దలు అనుకొన్న ప్రతిచోటా పిల్లలే నలిగిపోయారు. ప్రార్థన చేయడము ఒకటి, పోలీసులకు చెప్పడము ఒకటి. మొదటిది చేసినందువలన రెండవది మానుకోనక్కర లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టము చేసినది. క్రీడా సమాఖ్యలను గుర్తించి, వాటి నడకను చూచేందుకు జాతీయ క్రీడా బోర్డు, తగవులు తీర్చేందుకు జాతీయ క్రీడా ట్రిబ్యునలు ఉండాలని ఆ చట్టము చెప్తుంది. ట్రిబ్యునలుకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగానో, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానో పనిచేసిన స్థాయివారు అధ్యక్షులు కావాలి. ప్రతి సమాఖ్య కార్యవర్గములో కనీసము నలుగురు స్త్రీలు ఉండాలి. స్త్రీలకు, మైనరు పిల్లలకు రక్షణ విధానము ఉండాలి. ఇవన్నీ మంచివే. అయితే ఢిల్లీలోని ట్రిబ్యునలు వజ్రపుకొత్తూరు మైదానములో ఏమి జరుగుతున్నదో చూడలేదు. దానిని మనమే చూడవలెను.

మన ఊరిలో మొదలు పెట్టవచ్చును

రాబోయే పోటీలకు మీ ఊరిలో ఈ చిన్న పని చేసి చూడండి. ఆట మొదలు కాకముందే ముగ్గురిని ఎన్నుకోండి. వారిలో ఒకరు స్త్రీ, ఒకరు పొరుగూరివారు కావాలి. పోటీకి చందా ఇచ్చినవారు గాని, జట్లలో బంధువులున్నవారు గాని అందులో ఉండకూడదు. నియమాలు ముందే ఒక కాగితము మీద వ్రాసి, ఇరు జట్ల కెప్టెన్ల చేత సంతకము చేయించండి. తగవు వచ్చినప్పుడు ఇద్దరి మాటా వినండి. నిర్ణయమును, దానికి కారణమును రెండు వాక్యములలో నోటు పుస్తకములో వ్రాయండి. ఓడినవారు ఇంకొక పెద్ద దగ్గరకు వెళ్ళే అవకాశమివ్వండి. పోటీలు ముగిసిన రోజున, బహుమతులు ఇవ్వకముందు, ఆ పుస్తకమును అందరి ఎదుట చదవండి. తీర్పులు మార్చడానికి కాదు, పద్ధతి సరిగా జరిగినదో లేదో ఊరు చూచుకోవడానికి.

పిల్లల రక్షణ సంగతి మాత్రము ఈ ముగ్గురి చేతిలో పెట్టకండి. అది ఊరి పెద్దలు రాజీ చేసే విషయము కాదు. అది నేరుగా పోలీసులకు చేరవలసినది.

క్రీడా హాస్టలుకు పిల్లను పంపే తలిదండ్రులు అక్కడి గోడ మీద ఫిర్యాదుల కమిటీ పేర్లు ఉన్నవా అని చూడండి. వారిలో బయటివారు ఎవరని అడగండి. కోచ్ మీదనే ఫిర్యాదు వస్తే ఎవరు వింటారని అడగండి. అలా అడిగినందుకు ఎవరికైనా కోపము వస్తే, మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. పిల్లను వెంటబెట్టుకొని తిరిగి వచ్చేయండి. ఆమెకు మరొక మైదానము దొరుకుతుంది.